అధిక అయస్కాంత క్షేత్రంలో కొలతలు: శాంపిల్ బిగించే దగ్గర్నుంచి డేటా తేల్చే దాకా

అధిక క్షేత్రంలో కొలతలు మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని టెస్లాలు దొరుకుతాయి?" అని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. మీ పదార్థంలో దేన్ని కదిలించడానికి ఆ క్షేత్రం కావాలి, ఆ కదలిక మీ మీటరు మీద ఎంత కనిపిస్తుంది అన్నది ముందు లెక్క వేసుకోవాలి. ఈ రంగంలో పాడయ్యే కొలతల్లో ఎక్కువ భాగం శాంపిల్‌ది కాని సిగ్నల్‌ని శాంపిల్‌దే అనుకోవడం వల్ల పాడవుతాయి. అందుకే ఇక్కడ మాగ్నెట్ గురించి తక్కువ చెప్పి శాంపిల్, తీగలు, థర్మామీటర్ గురించి ఎక్కువ చెబుతాను. అయస్కాంత పదార్థాలకీ, అతివాహకాలకీ, అర్ధవాహకాలకీ సగం దూరం దాకా దారి ఒకటే. ఆ తర్వాత విడిపోతాయి.

మొదటి అడుగు: ఎంత క్షేత్రం కావాలో లెక్క వేయండి

ఒక ఎలక్ట్రాన్ స్పిన్ మీద 1 టెస్లా చూపే శక్తిని ఉష్ణోగ్రతగా మారిస్తే సుమారు 0.67 కెల్విన్ వస్తుంది. 10 టెస్లాలు పెట్టినా 7 కెల్విన్లు కూడా కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని స్పిన్‌లను గది ఉష్ణోగ్రత దగ్గర పూర్తిగా ఒకే దిక్కుకి తిప్పడం అందుకే ఏ ల్యాబ్ మాగ్నెట్‌కీ సాధ్యం కాదు. అదే గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్ ప్రభావక ద్రవ్యరాశి (స్ఫటికంలో కదిలేటప్పుడు అది చూపే ద్రవ్యరాశి) మామూలు ఎలక్ట్రాన్‌లో 0.067 వంతే. అక్కడ లాండౌ స్థాయిల (క్షేత్రంలో ఎలక్ట్రాన్లకి దొరికే విడివిడి శక్తి మెట్ల) మధ్య దూరం టెస్లాకి దాదాపు 20 కెల్విన్లు, 10 టెస్లాల దగ్గర 200 కెల్విన్లు. క్షేత్రం అదే, పదార్థాన్ని బట్టి దాని బలం ముప్పై రెట్లు మారిపోయింది.

శాశ్వత అయస్కాంత పదార్థమైతే చూడాల్సింది అనైసోట్రపీ క్షేత్రం, అంటే మాగ్నెటైజేషన్‌ని అది ఇష్టపడని "కష్టమైన" అక్షం వెంటకి పూర్తిగా తిప్పడానికి కావాల్సిన క్షేత్రం. నియోడిమియం-ఐరన్-బోరాన్‌కి గది ఉష్ణోగ్రతలో ఇది సుమారు 7 నుంచి 8 టెస్లాలు, సమేరియం-కోబాల్ట్‌లో ఒకటికి అయిదు రకానికి 30 టెస్లాల పైమాటే. 2 టెస్లాల ఎలక్ట్రోమాగ్నెట్‌తో వీటిని కష్టమైన అక్షం వెంట కొలిస్తే వచ్చేది గీతలో మొదటి ముక్క మాత్రమే.

అతివాహకమైతే రెండు అంచనాలు పక్కపక్కన రాసుకోండి. క్రాంతిక ఉష్ణోగ్రతని (అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత, కెల్విన్లలో) 1.84తో గుణిస్తే స్పిన్ వల్ల వచ్చే పౌలీ హద్దు టెస్లాల్లో వస్తుంది. క్రాంతిక ఉష్ణోగ్రత దగ్గర పై క్రాంతిక క్షేత్రం (అతివాహకత పూర్తిగా పోయే క్షేత్రం) ఏ వాలుతో మారుతోందో చూసి, ఆ వాలుని క్రాంతిక ఉష్ణోగ్రతతోనూ 0.69తోనూ గుణిస్తే కక్ష్యా హద్దు వస్తుంది. రెండింట్లో ఏది తక్కువైతే మొదటి అంచనా అదే. కోహెరెన్స్ పొడవు (అతివాహక ఎలక్ట్రాన్ జత పరుచుకునే దూరం) ముందే తెలిసి ఉంటే ఇంకో దారి ఉంది: అది 2 నానోమీటర్లయితే పై క్రాంతిక క్షేత్రం 82 టెస్లాల దాకా పోతుంది. అలాంటి పదార్థాన్ని 9 టెస్లాల్లో కొలిచి, గీతని సున్నా కెల్విన్ దాకా పొడిగించి, వచ్చిన సంఖ్యని పేపర్లో వేయడం నాకు అస్సలు నచ్చని అలవాటు.

అర్ధవాహకానికి లెక్క ఇంకా సులువు. మొబిలిటీని (కరెంటు మోసే క్యారియర్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే విలువ, చదరపు మీటరు ప్రతి వోల్టు-సెకను లెక్కలో) క్షేత్రంతో గుణిస్తే 1 దాటాలి. మొబిలిటీ 1 అయితే 1 టెస్లా నుంచే రెసిస్టెన్స్‌లో డోలనాలకు అవకాశం ఉంటుంది. 0.05 అయితే 20 టెస్లాలు కావాలి. దీంతో పాటు లాండౌ స్థాయిల దూరం ఉష్ణ శక్తి కంటే బాగా ఎక్కువ ఉండాలి.

రెండో అడుగు: మాగ్నెట్ ఎంచుకోండి

నియోబియం-టైటానియం తీగతో చుట్టిన అతివాహక మాగ్నెట్ 4.2 కెల్విన్ దగ్గర 9 టెస్లాల దాకా నిశ్చింతగా పనిచేస్తుంది. లోపల నియోబియం-టిన్ కాయిల్ చేరిస్తే 20 టెస్లాల చుట్టుపక్కలకు వెళ్లొచ్చు. అధిక ఉష్ణోగ్రత అతివాహక టేపులు కూడా వాడి అమెరికాలోని తల్లహాసీ ప్రయోగశాల 2017లో 32 టెస్లాలు అందుకుంది. ఆ పైన నీళ్లతో చల్లబరిచే రెసిస్టివ్ మాగ్నెట్లు 40 టెస్లాలు దాటతాయి, హైబ్రిడ్లు 45 దగ్గర ఉన్నాయి. వీటికి మెగావాట్లలో కరెంటు కావాలి కాబట్టి మీకు దొరికే సమయం గంటల్లో ఉంటుంది. ఇంకా పైకి పోవాలంటే పల్స్ క్షేత్రమే. లాస్ అలమోస్‌లో 2012లో కాయిల్ పగలకుండా 100 టెస్లాలు దాటారు. టోక్యోలో 2018లో 1,200 టెస్లాలు సాధించారు గానీ అందులో కాయిల్ ఆ ఒక్క షాట్‌తోనే నాశనమవుతుంది.

ఎంపికలో నా పద్ధతి ఒకటే: ప్రశ్నకి జవాబు ఇవ్వగల మాగ్నెట్లలో అన్నిటికంటే చిన్నది తీసుకోవాలి. స్థిర క్షేత్రంలో ఒక్కో బిందువు దగ్గర సెకన్ల కొద్దీ ఆగి సగటు తీసుకోవచ్చు. పల్స్‌లో మొత్తం కథ మిల్లీసెకన్లలో ముగుస్తుంది. క్షేత్రం రెట్టింపైనా నాయిస్ వెయ్యి రెట్లు పెరిగితే మీకు మిగిలేదేమీ ఉండదు.

మూడో అడుగు: శాంపిల్ సిద్ధం చేయడం

సమయం ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడ. స్టీలు పట్టకార్లతో పట్టుకున్న శాంపిల్‌కి అంటిన ఇనుప రేణువు, పలుచటి ఫిల్మ్ సిగ్నల్‌ని పూర్తిగా మింగేయగలదు. టైటానియం లేదా ప్లాస్టిక్ పట్టకార్లే వాడండి. బ్లేడుతో కోసిన అంచుల్ని పలుచని ఆమ్లంతో కడగడం మంచిది, పదార్థం తట్టుకుంటేనే సుమా. 10 నానోమీటర్ల ఫిల్మ్‌ని అర మిల్లీమీటరు మందం సబ్‌స్ట్రేట్ మీద పెంచితే సబ్‌స్ట్రేట్ పరిమాణం ఫిల్మ్‌కి 50,000 రెట్లు. కాబట్టి అదే బ్యాచ్‌లోని ఖాళీ సబ్‌స్ట్రేట్ ముక్కని విడిగా కొలిచి పెట్టుకోవాలి. పుస్తకంలోని విలువ తీసుకుని తీసివేస్తే సరిపోదు.

కాంటాక్టుల విషయానికొస్తే, లెడ్-టిన్ సోల్డర్ 7 కెల్విన్ దగ్గర తానే అతివాహకమైపోతుంది. ఇండియం 3.4 కెల్విన్ కింద అతివాహకం, దాని క్రాంతిక క్షేత్రం 28 మిల్లీటెస్లాలే. సున్నా క్షేత్రం దగ్గర రెసిస్టెన్స్ చటుక్కున దూకిందంటే, కొత్త భౌతికశాస్త్రం కనుక్కున్నానని సంబరపడే ముందు కాంటాక్టు దేంతో వేశారో గుర్తు చేసుకోండి. ఎన్-రకం గాలియం ఆర్సెనైడ్‌కి బంగారం-జెర్మేనియం-నికెల్ పూసి 400 డిగ్రీల సెల్సియస్ పైన వేడి చేస్తారు. కుప్రేట్లకి (రాగి ఆక్సైడ్ అతివాహకాలకి) వెండి లేదా బంగారం పూసి ఆక్సిజన్‌లో వేడి చేస్తారు. ఏది వేసినా, చల్లబరిచాక ప్రతి కాంటాక్టు జతకీ కరెంటు-వోల్టేజి గీత తీయండి. అది సరళరేఖగా రాకపోతే క్షేత్రం ఆన్ చేయకండి.

అనైసోట్రపీ ఉన్న శాంపిల్ క్షేత్రంలో తిరగబోతుంది. ఆ టార్క్‌కి జిగురు ఊడిపోతే మీరు అనుకున్న అక్షం ఒకటి, కొలిచిన అక్షం ఇంకొకటి అవుతుంది. వార్నిష్‌తో గట్టిగా అతికించండి. పౌడరైతే మైనంలో గడ్డకట్టించండి. హోల్డర్‌లో గాలి చిక్కుకుంటే 43, 54 కెల్విన్ల చుట్టుపక్కల చిన్న గూని లాంటి సిగ్నల్ రావచ్చు. గడ్డకట్టిన ఆక్సిజన్ తన దశలు మార్చుకునే ఉష్ణోగ్రతలవి.

ఆకారం కూడా రాసుకోండి. శాంపిల్ లోపలి క్షేత్రం బయటి క్షేత్రం నుంచి, డీమాగ్నెటైజేషన్ గుణకాన్ని మాగ్నెటైజేషన్‌తో గుణించినంత మేరకు మారుతుంది: అయస్కాంతంలో తగ్గుతుంది, అతివాహకంలో పెరుగుతుంది. గోళానికి ఈ గుణకం మూడో వంతు. పలుచటి పలకకి నిలువుగా క్షేత్రం పెడితే దాదాపు 1. అతివాహక పలకని అలా కొలిచి ఈ సవరణ మర్చిపోతే వంద శాతానికి మించిన మైస్నర్ భాగం (క్షేత్రాన్ని బయటికి నెట్టే అతివాహక భాగం) వస్తుంది.

నాలుగో అడుగు: తీగలు

పల్స్ క్షేత్రంలో 60 టెస్లాలకి 10 మిల్లీసెకన్లలో చేరుతున్నారనుకోండి. సగటు వేగం సెకనుకి 6,000 టెస్లాలు. మీ వోల్టేజి తీగల మధ్య ఒక చదరపు మిల్లీమీటరు ఖాళీ వదిలితే అందులో పుట్టే వోల్టేజి 6 మిల్లీవోల్టులు. శాంపిల్ రెసిస్టెన్స్ ఒక మిల్లీఓమ్, పంపే కరెంటు ఒక మిల్లీఆంపియర్ అయితే మీకు కావాల్సిన సిగ్నల్ ఒక మైక్రోవోల్టు. చెత్త సిగ్నల్ అసలు సిగ్నల్‌కి ఆరువేల రెట్లు! మైక్రోస్కోపు కింద తీగని శాంపిల్ ఉపరితలానికి ఆనించి, వెనక్కి తిప్పి, లూప్ వైశాల్యం కనిపించనంతగా మూయడానికి గంట పట్టినా పెట్టండి. మిగిలిన లూప్‌ని ఎదురు లూప్‌తో సరిచేయవచ్చు. ఆ తర్వాత పదుల కిలోహెర్ట్జ్‌లు, అవసరమైతే వందల కిలోహెర్ట్జ్‌ల ఏసీ కరెంటుతో లాక్-ఇన్ పద్ధతిలో (పంపిన ఫ్రీక్వెన్సీ దగ్గరి సిగ్నల్‌ని మాత్రమే ఏరుకునే పద్ధతి) సిగ్నల్‌ని వేరు చేయాలి. కరెంటు దిశ తిప్పి ఇంకో షాట్ కొట్టి, రెండింటి తేడా తీసుకుంటే కరెంటుతో సంబంధం లేనిదంతా కొట్టుకుపోతుంది.

స్థిర క్షేత్రంలో శత్రువు వేరే: వణుకు. తీగ వణికితే బలమైన క్షేత్రంలో దానంతట అదే వోల్టేజి పుట్టిస్తుంది. తీగలు జతలుగా మెలిపెట్టి, ప్రోబ్ పొడవునా అంటించేయండి. లాక్-ఇన్ ఫ్రీక్వెన్సీని కరెంటు సప్లై ఫ్రీక్వెన్సీకీ దాని గుణిజాలకీ దూరంగా పెట్టండి.

అయిదో అడుగు: ఉష్ణోగ్రతనీ క్షేత్రాన్నీ నమ్మే ముందు

థర్మామీటర్లకీ మాగ్నెటోరెసిస్టెన్స్ (క్షేత్రంతో రెసిస్టెన్స్ మారడం) ఉంటుంది. సెర్నాక్స్ లాంటి సెన్సర్లలో 10 కెల్విన్ల పైన ఈ తప్పు చిన్నదే. 2 కెల్విన్ల దగ్గరికి దిగితే మాత్రం పట్టించుకోక తప్పదు. కంట్రోలర్ ఆ తప్పుడు రీడింగ్‌నే నమ్మి హీటర్‌ని నడుపుతుంది కాబట్టి క్షేత్రం పెరిగేకొద్దీ శాంపిల్ అసలు ఉష్ణోగ్రత మెల్లగా జారిపోతుంది. 4.2 కెల్విన్ల కింద హీలియం ఆవిరి పీడనం పట్టుకుని నడిపితే ఈ బెడద ఉండదు. లోహపు శాంపిల్‌ని పల్స్‌లో కొలిస్తే ఎడ్డీ కరెంట్లు (మారే క్షేత్రం లోహంలో పుట్టించే సుడి కరెంట్లు) దాన్ని వేడెక్కిస్తాయి. క్షేత్రం ఎక్కేటప్పటి గీత, దిగేటప్పటి గీత ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో చూస్తే ఇది బయటపడుతుంది. పడకపోతే శాంపిల్‌ని ఇంకా సన్నగా కోయాలి.

అతివాహక మాగ్నెట్ స్క్రీన్ మీద సున్నా అని చూపించినంత మాత్రాన క్షేత్రం సున్నా కాదు. తీగల్లో చిక్కుకున్న ఫ్లక్స్ వల్ల పెద్ద క్షేత్రం నుంచి దిగివచ్చాక పదుల గాస్ (10,000 గాస్ ఒక టెస్లా) మిగిలిపోవచ్చు, అదీ వ్యతిరేక దిశలో. మెత్తని అయస్కాంత పదార్థాల్లో "తలకిందుల హిస్టెరిసిస్" (ఎక్కేటప్పటి, దిగేటప్పటి గీతలు వేరుపడడం, అదీ ఎదురు వైపుకి) అంటూ కనిపించే వింతల్లో చాలా వాటికి మూలం ఇదే. హిస్టెరిసిస్ చూపని పల్లేడియం ముక్కని అదే క్రమంలో, అదే వేగంతో స్వీప్ చేస్తే ప్రతి బిందువు దగ్గర అసలు క్షేత్రం ఎంతో తెలుస్తుంది. సున్నా కచ్చితంగా కావాలంటే క్షేత్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా తగ్గించండి.

ఆన్ చేసే ముందు

ఇనుప వస్తువులన్నీ బయట పెట్టించండి. 0.5 మిల్లీటెస్లాల గీత నేల మీద స్పష్టంగా కనిపించాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని దాటకూడదు. మాగ్నెట్ క్వెంచ్ అయితే (ఉన్నట్టుండి అతివాహకత పోయి వేడెక్కితే) లీటరు ద్రవ హీలియం సుమారు 700 లీటర్ల వాయువుగా మారి గదిలోని ఆక్సిజన్‌ని నెట్టేస్తుంది. ఆక్సిజన్ అలారం పనిచేస్తోందో లేదో చూడకుండా స్వీప్ మొదలుపెట్టకూడదు. పల్స్ ల్యాబుల్లో కెపాసిటర్ బ్యాంకు ఛార్జ్ అయి ఉండగా ఎవరూ లోపలికి వెళ్లరు. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఆరో అడుగు (అయస్కాంత పదార్థాలు)

వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నెటోమీటర్‌ని నికెల్‌తో కాలిబ్రేట్ చేయండి. గది ఉష్ణోగ్రతలో దాని సంతృప్త విలువ గ్రాముకి సుమారు 55 ఈఎంయూ (అయస్కాంత భ్రామకానికి పాత పద్ధతి కొలమానం). మీ శాంపిల్ పరిమాణం, ఆకారం కాలిబ్రేషన్ ముక్కకి దగ్గరగా ఉండాలి, లేకపోతే కొన్ని శాతాల తప్పు చెప్పకుండా వచ్చేస్తుంది. మోల్‌కి వచ్చిన ఈఎంయూ విలువని 5,585తో భాగిస్తే ఫార్ములా యూనిట్‌కి ఎన్ని బోర్ మాగ్నెటాన్లో (ఒక ఎలక్ట్రాన్ భ్రామకానికి కొలమానం) నేరుగా వస్తుంది.

అధిక క్షేత్రంలో మిగిలే వాలుని "బ్యాక్‌గ్రౌండ్" అని తీసేయడానికి చెయ్యి తొందరపడుతుంది. ఆగండి. ఆ వాలు శాంపిల్‌దే కావచ్చు: వంగిన స్పిన్‌లు మెల్లగా నిటారవుతుండవచ్చు. హోల్డర్‌నీ సబ్‌స్ట్రేట్‌నీ విడిగా కొలిచిన విలువ మాత్రమే తీసేయండి.

గట్టి అయస్కాంతాలకి పల్స్ పద్ధతిలో ఒక చక్కని ఉపాయం ఉంది. 1974లో ఆస్తీ, రినాల్దీ చూపించినది. మాగ్నెటైజేషన్ రెండో డెరివేటివ్‌లో అనైసోట్రపీ క్షేత్రం దగ్గర పదునైన శిఖరం వస్తుంది. గింజలన్నీ అన్ని దిక్కులకీ చెదిరి ఉన్న పాలీక్రిస్టల్‌లో కూడా ఇది కనిపిస్తుంది, సింగిల్ క్రిస్టల్ అవసరం లేదు. కోయెర్సివిటీ (మాగ్నెటైజేషన్‌ని సున్నాకి తేవడానికి కావాల్సిన ఎదురు క్షేత్రం) విషయంలో మాత్రం జాగ్రత్త. పల్స్‌లో క్షేత్రం వేగంగా మారుతుంది కాబట్టి స్థిర క్షేత్రంలో వచ్చేదాని కంటే ఎక్కువ విలువ వస్తుంది. రెండింటినీ ఒకే పట్టికలో పెడితే స్వీప్ వేగం కూడా పక్కనే రాయాలి.

ఆరో అడుగు (అతివాహకాలు)

రెసిస్టెన్స్ మామూలు విలువలో 90 శాతానికి, 50 శాతానికి, 10 శాతానికి పడే క్షేత్రాల్ని మూడింటినీ ఇవ్వండి. ఒక్కటే ఇస్తే చదివేవాళ్లకి మీ ట్రాన్సిషన్ ఎంత వెడల్పో తెలియదు. 90 శాతం విలువ పై క్రాంతిక క్షేత్రానికి దగ్గరగా ఉంటుంది. సున్నా వైపు విలువ వోర్టెక్సులు (అతివాహకంలోకి క్షేత్రం దూరే సన్నని సుడులు) ఎప్పుడు కదలడం మొదలుపెడుతున్నాయో చెబుతుంది. కుప్రేట్లలో ఈ రెండింటి మధ్య పదుల టెస్లాల ఎడం ఉండొచ్చు. కరెంటుని మూడు, నాలుగు విలువల్లో మార్చి గీత కదులుతోందేమో చూడండి. కదిలితే శాంపిల్ వేడెక్కుతోంది, లేదా వోర్టెక్సుల్ని మీ కరెంటే నెడుతోంది.

క్రాంతిక కరెంటుకి సెంటీమీటరుకి 1 మైక్రోవోల్టు అన్న ప్రమాణం అధిక ఉష్ణోగ్రత అతివాహకాలకి వాడతారు. 0.1 మైక్రోవోల్టు ప్రమాణం కూడా వాడుకలో ఉంది కాబట్టి ఏది వాడారో రాయండి. బలం ఎటు పడుతుందో ముందు చూసుకోండి. 20 టెస్లాల్లో 3 సెంటీమీటర్ల తీగలో 300 ఆంపియర్లు పోతే దాని మీద పడేది 180 న్యూటన్లు, అంటే సుమారు 18 కిలోల బరువు. కరెంటు దిశ అటూ ఇటూ అయితే ఆ బలం తీగని హోల్డర్ మీద నుంచి పెరికేస్తుంది. హోల్డర్ వైపు నొక్కేలా పెట్టండి.

మాగ్నెటైజేషన్ లూప్ వెడల్పు నుంచి బీన్ నమూనాతో క్రాంతిక కరెంటు లెక్క కట్టొచ్చు. శాంపిల్ మొత్తం ఒకే ముక్కగా కరెంటు మోస్తోందన్నది అక్కడ ఊహ. గింజల మధ్య బంధం బలహీనంగా ఉంటే ఆ సంఖ్య గింజ లోపలి కరెంటుదీ కాదు, మొత్తం శాంపిల్‌దీ కాదు.

ఆరో అడుగు (అర్ధవాహకాలు)

హాల్ బార్ ఆకారంలో (పక్కలకి వోల్టేజి కాంటాక్టులున్న సన్నని పట్టీలా) చెక్కిన శాంపిల్ దొరికితే వదులుకోకండి. ప్రతి కొలతనీ క్షేత్రం రెండు దిక్కుల్లోనూ చేయండి. రెండింటి సగటు రెసిస్టెన్స్‌ని ఇస్తుంది, తేడాలో సగం హాల్ భాగాన్ని (కరెంటుకి అడ్డంగా పుట్టే వోల్టేజిని) ఇస్తుంది. హాల్ గీత వంగితే ఒకటి కంటే ఎక్కువ రకాల క్యారియర్లు ఉండి ఉండవచ్చు. అప్పుడు ఒకే వాలు తీసుకుని సాంద్రత చెప్పకూడదు.

మీ పరికరాల గొలుసు మొత్తం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఈ రంగంలో ఉన్నంత గొప్ప పరీక్ష ఇంకెక్కడా లేదు. 1980 ఫిబ్రవరిలో గ్రెనోబుల్‌లో సిలికాన్ ట్రాన్సిస్టర్ మీద పనిచేస్తూ క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ కనుక్కున్న క్వాంటం హాల్ మెట్టు, ఏ పదార్థంలో అయినా 25,812.807 ఓమ్‌లని ఒక పూర్ణాంకంతో భాగించిన విలువ దగ్గరే ఉంటుంది. చదరపు మీటరుకి 3×10¹⁵ ఎలక్ట్రాన్లున్న రెండు కొలతల పొర తీసుకుంటే, రెండో మెట్టు 6.2 టెస్లాల చుట్టూ వస్తుంది, 12,906.4 ఓమ్‌ల దగ్గర. అక్కడ మీకు 12,850 వచ్చిందంటే తప్పు మీ యాంప్లిఫయర్‌లోనో, కరెంటు విలువలోనో, లీక్ అవుతున్న తీగలోనో ఉంది. ప్రకృతిలో లేదు.

డోలనాల్ని క్షేత్రం విలోమం మీద గీసి, ఫ్రీక్వెన్సీలు విడదీయడానికి ఫూరియే తీసేటప్పుడు (ఇక్కడ ఫ్రీక్వెన్సీ కూడా టెస్లాల్లోనే వస్తుంది) చాలామంది పై క్షేత్రం మీదే కన్నేస్తారు. స్పష్టత ఎక్కువగా కింది అంచు మీద ఆధారపడుతుంది. 10 నుంచి 15 టెస్లాల దాకా తీసుకుంటే సుమారు 30 టెస్లాల తేడా ఉన్న ఫ్రీక్వెన్సీలే విడిపోతాయి. అదే 5 నుంచి 15 తీసుకుంటే 7.5 టెస్లాల తేడా కూడా కనిపిస్తుంది. కాబట్టి నాయిస్ తగ్గించి డోలనాలు ఇంకా కింద ఎక్కడ మొదలవుతున్నాయో వెతకడం, ఇంకో పెద్ద మాగ్నెట్ కోసం దరఖాస్తు పెట్టడం కంటే తరచూ ఎక్కువ ఫలితమిస్తుంది. అది కుదరని చోట్లు కూడా ఉన్నాయి. 2007లో కుప్రేట్ అతివాహకంలో డోలనాలు చూసినప్పుడు ఫ్రీక్వెన్సీ 530 టెస్లాలు. అతివాహకత అణిగే దాకా కింద ఏమీ కనిపించదు. 40 నుంచి 60 టెస్లాల మధ్య పడేవి నాలుగు డోలనాలకి కొంచెం ఎక్కువ. ఫ్రాన్స్‌లోని టౌలూస్ ప్రయోగశాలలో 60 టెస్లాల పైన పల్స్ లేకపోయుంటే అది దొరికేది కాదు. బ్రిలువా మండలంలో (స్ఫటికంలో ఎలక్ట్రాన్ల వేగ-దిశల పటంలో ఒక గడి) 1.9 శాతం వైశాల్యమున్న చిన్న ఎలక్ట్రాన్ జేబు అలా బయటపడింది.

ప్రభావక ద్రవ్యరాశి కోసం డోలనాల ఎత్తుని కనీసం అయిదారు ఉష్ణోగ్రతల్లో కొలిచి సరిపోల్చండి. ఆ సూత్రంలో వాడాల్సిన క్షేత్రం మీ ఫూరియే కిటికీలోని విలోమ క్షేత్రాల సగటు నుంచి రావాలి. మామూలు సగటు వేస్తే ద్రవ్యరాశి తప్పుతుంది. డోలనాలు ఇచ్చే సాంద్రత, హాల్ ఇచ్చే సాంద్రత సరిపోయాయో కూడా చూడండి. సరిపోకపోతే మీ శాంపిల్‌లో కనిపించని రెండో పొర ఒకటి కరెంటు మోస్తుండొచ్చు.

చివరి అడుగు: స్వీప్ క్రమం, ఫైలు

పైకి ఒకసారి, కిందికి ఒకసారి, రెండో దిశలో మళ్లీ ఇంతే. వేగం సగం చేసి ఇంకోసారి. వేగంతో మారేది ఏదైనా ముందు అనుమానించండి. ఫైలు తలలో కరెంటు, ఫ్రీక్వెన్సీ, స్వీప్ వేగం, శాంపిల్ కొలతలు, అక్షం, కాంటాక్టు పదార్థం, వాడిన థర్మామీటర్ రాయండి. సగటు తీసిన ఫైలుతో పాటు, ప్లస్ క్షేత్రం, మైనస్ క్షేత్రం ముడి ఫైళ్లు రెండూ విడివిడిగా దాచండి. ఆర్నెల్ల తర్వాత రెఫరీ ఏదైనా అడిగినా, రెండో శాంపిల్ మీద వేరే విలువ వచ్చినా తిరిగి చూసుకోవాల్సింది ఆ ముడి ఫైళ్లనే.